సిక్సర్ల హిసాబ్



సిక్సర్ల బాద్‌షా ఎవరని మన ఇళ్లల్లో అడిగి చూడండి. తరానికో జవాబు వస్తుంది. పిల్లలు రోహిత్ శర్మ అంటారు, క్రిస్ గేల్ అంటారు. వాళ్ల అబ్బాలు షాహిద్ అఫ్రిదీ పేరు చెబుతారు. ఇంకా పెద్దవాళ్లుంటే సలీం దురానీని తలచుకుంటారు, జనం అడిగితే చాలు సిక్సర్ కొట్టేవాడట అని మురిసిపోతారు. అంతకుముందు ఎవరని అడగండి. మాట ఆగిపోతుంది. టీవీ పుట్టిన నాటి నుంచే బంతి గాల్లోకి లేచిందన్నట్టు ఉంటుంది మన యాది.

రంజాన్ రాత్రుల్లో తరావీ నమాజ్ అయ్యాక మా నిజామాబాద్ గల్లీల్లో ఆడే పోరగాండ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక జాబితా తిరుగుతోంది. సిక్సర్ వీరుల్లో మన కౌమ్ వాళ్లెందరు, అవతలివాళ్లెందరు అని గీత గీసి రెండు వరుసలుగా రాశారు. నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ లెక్కకు ఒక తారీఖ్ ఉంది. గీత గీసి ఆడిన జమానా ఒకటి నిజంగానే గడిచింది. ఆ గీతకు అటు ఇటు నిలబడిన వాళ్ల కథ తెలిస్తే జాబితా ఎలా రాయాలో, ఎలా రాయకూడదో తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు అసలు సిక్సర్ అంటే ఏమిటో తేల్చుకుందాం. బోధన్‌లో శక్కర్‌నగర్ వైపు ఆడి పెరిగినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఒక గల్లీలో గోడ దాటిన బంతికి ఆరు పరుగులు. పక్క గల్లీలో గోడ దాటితే ఔట్, పైగా బంతి కొట్టినోడే పోయి తేవాలి. చాచీ ఆంగన్‌లో పడిందా, ఆ రోజుకు ఆట ఖతం. ఒకే దెబ్బ ఒక చోట ఇనామ్, ఇంకో చోట సజా. ఇది పిల్లల ఆట కదా అనుకోకండి. దొరల ఆట కూడా ఇలాగే నడిచింది. ఇంగ్లండ్‌లో 1910 దాకా బంతి బౌండరీ గీత మీదుగా ఎగిరి పడినా ఇచ్చింది నాలుగే. మైదానం మొత్తం దాటి బయట పడితేనే ఆరు. టెస్ట్ క్రికెట్‌లో ఓవర్‌త్రోలు కలవకుండా మొదటి సిక్స్ కొట్టినవాడు ఆస్ట్రేలియాకు చెందిన జో డార్లింగ్. 1898లో అడిలైడ్‌లో బంతిని మైదానం బయటికి పంపాడు. టెస్టులు మొదలైంది 1877లో. అంటే ఇరవై ఏళ్లు దాటాక గానీ ఆ ఖాతా తెరుచుకోలేదు. ఆ ఇరవై ఏళ్లలో బలమున్న చేతులు లేవా? ఉన్నాయి. కాయిదా వేరు, అంతే.

ఇదే కథ అమెరికాలో ఇంకా విచిత్రంగా నడిచింది. వాళ్ల జాతీయ ఆట బేస్‌బాల్. మన సిక్సర్ లాంటిది అక్కడ హోమ్ రన్. కొట్టినవాడు మైదానంలో నాలుగు మూలల్లో ఉండే నాలుగు బేస్‌లనూ ఒకే చుట్టులో తాకి వెనక్కి రావాలి. బంతి కంచె దాటితే నింపాదిగా చుట్టి రావచ్చు. దాటకపోతే, అది తిరిగొచ్చేలోపు పరుగెత్తి రావాలి. ఆ దేశంలో జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగు 1876లో మొదలైంది. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడు జార్జ్ హాల్. ఎన్ని కొట్టాడో తెలుసా? ఐదు. ఏడాదంతా కలిపి ఐదే.

తర్వాత 1884లో షికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్ ఒకేసారి 27 కొట్టేశాడు. ఉన్నట్టుండి అంత తాకత్ ఎక్కడి నుంచి వచ్చింది? చేతుల్లోకి కాదు, కంచెలోకి వచ్చింది. వాళ్ల మైదానంలో పక్కల కంచె రెండొందల అడుగుల దూరం కూడా లేదు. అంతకుముందు ఏడాది దాకా ఆ కంచె దాటిన బంతికి రెండు బేస్‌లే ఇచ్చేవారు. 1884లో అదే దెబ్బను హోమ్ రన్ అన్నారు. 27లో 25 ఆ సొంత మైదానంలోనే వచ్చాయి. మరుసటి ఏడు జట్టు వేరే మైదానానికి మారింది, విలియమ్సన్ లెక్క మూడుకు పడిపోయింది. అయినా 27 అనే అంకె మాత్రం ముప్పై ఐదేళ్లు తఖ్తు దిగలేదు.

ఇంకో తమాషా చూడండి. 1909లో అమెరికన్ లీగులో అందరికంటే ఎక్కువ కొట్టిన టై కాబ్ లెక్క తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఒక్కటీ కంచె దాటలేదు. అన్నీ మైదానంలోనే దొర్లిన బంతులు, అన్నీ కాళ్లతో సంపాదించిన హోమ్ రన్లు. ఫ్రాంక్ బేకర్ 1911 నుంచి 1914 దాకా వరుసగా నాలుగేళ్లు ఆ లీగులో ముందున్నాడు. ‘హోమ్ రన్’ అనే మాట అతని పేరులో లఖబ్‌గా కలిసిపోయింది. ఆ నాలుగేళ్లలో అతను కొట్టినవి 11, 10, 12, 9. ఈనాటి ఆటగాళ్ల పక్కన పెడితే చిల్లర లాగా కనిపిస్తాయి. కానీ ఆ రోజుల్లో ఒకే బంతితో ఆట సాగుతూనే ఉండేది. మట్టి కొట్టుకుని, నల్లబడి, మెత్తబడి, ఉమ్మి పూసిన బంతి అది. దాన్ని దూరం కొట్టడం తడి గుడ్డ మూటను విసిరినట్టే.

1920లో రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి చనిపోయాడు. బౌలర్లు బంతికి ఉమ్మి పూయడం మీద ఆ ఏడాదే నిషేధం పెట్టారు. చాప్‌మన్ మౌత్ తర్వాత మురికి బంతిని వెంటనే మార్చి కొత్తది ఇవ్వడం మొదలైంది. బేబ్ రూత్ జమానా సరిగ్గా అప్పుడే వచ్చింది. 1919లో 29 కొట్టి విలియమ్సన్ లెక్కను దాటాడు. 1920లో 54, 1927లో 60. ఆయన తాకత్ గురించి ఎవరికీ షక్ లేదు. కానీ తెల్లటి బంతి కూడా ఆ తాకత్‌కు తోడుంది.

ఇక నాకు మనసులో గుచ్చుకున్న సంగతి చెబుతాను. రూత్ కంటే ముందు జీవితకాలం లెక్కలో అందరికంటే పైనున్నవాడు రోజర్ కానర్. 1897లో ఆట ముగించేనాటికి 138 హోమ్ రన్లు. 1921లో రూత్ ఆ అంకెను దాటాడు. జష్న్ లేదు, పత్రికల్లో హడావుడి లేదు. కారణం ఏమిటంటే, కానర్ కొట్టినవి ఎన్నో అప్పటికి ఎవరూ సరిగా కూడి పెట్టలేదు. మనిషి బతికే ఉన్నాడు, 1931 దాకా ఉన్నాడు. తాను ఒక రికార్డుకు మాలిక్ అని లోకం చెప్పకుండానే పోయాడు. పాత స్కోర్లన్నీ తవ్వి కూడిన తర్వాతే ఆ 138 తేలింది. 1976లో వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఎక్కింది. ఆయన కబర్ మీద రాయి పడింది 2001లో. డెబ్బై ఏళ్లు గుర్తు లేకుండా పడి ఉన్న సమాధి!

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. మంజీరా మీద నిజాంసాగర్ కడుతున్న రోజులు. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. ఆ కట్ట సగంలో ఉండగా, 1926 డిసెంబర్ 1న, బొంబాయి జింఖానా మైదానంలో ఒక తెలుగు ఇంటి బిడ్డ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టును ఉతికి ఆరేశాడు. పేరు కొఠారి కనకయ్య నాయుడు. సి.కె. అంటే చాలు. 1895లో నాగపూర్‌లో పుట్టాడు, ఆ తర్వాత ఇందోర్ హోల్కర్ దర్బార్‌లో చేరాడు. ఆ రోజు 116 నిమిషాల్లో 153 పరుగులు. 13 ఫోర్లు, 11 సిక్సర్లు. ఒక బంతి జింఖానా కప్పు మీద పడింది. దొరలే మెచ్చి ఆయనకు వెండి బ్యాట్ ఇచ్చారు.

అదే మ్యాచ్‌లో ముందు ఎం.సి.సి. తరఫున గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లతో 130 కొట్టాడు. అంటే అది జవాబు లాంటి ఇన్నింగ్స్. పాలించేవాడు ఎనిమిది కొడితే, పాలించబడేవాడు పదకొండు కొట్టాడు. చెట్లెక్కి, మిద్దెలెక్కి చూసిన జనానికి ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రెండేళ్లకు క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో హిందుస్తాన్ మొదటి టెస్ట్ ఆడింది, కప్తాన్ సి.కె.నే. ఆ ఇంగ్లండ్ పర్యటనలో ఆయన కొట్టిన సిక్సర్లు 32.

కానీ ఈనాటి జాబితాల్లో ఆయన కనిపించడు. ఎందుకంటే ఆ జాబితాలు అంతర్జాతీయ మ్యాచులనే లెక్కిస్తాయి. సి.కె. ఆడిన టెస్టులు ఏడు, పరుగులు 350. మొదటి టెస్ట్ ఆడేనాటికే వయసు 36 దాటింది. అంతకుముందు టెస్ట్ ఆడే హక్కే దేశానికి లేదు. ఆయన జవానీ అంతా రిజిస్టరు బయటే గడిచింది. కానర్‌కు కూడేవాడు లేకపోయాడు, సి.కె.కు ఖాతాయే లేకపోయింది.

ఇక ఆ గీత సంగతి. 1926లో ఆ 11 సిక్సర్లు కొట్టినప్పుడు సి.కె. ఆడిన జట్టు పేరు ‘హిందూస్’. అప్పట్లో బొంబాయిలో పెద్ద టోర్నమెంట్ మజ్‌హబ్‌ల వారీగా నడిచేది. మొదట యూరోపియన్లు, పార్సీలు. 1907లో హిందువులు కలిశారు. 1912లో ముస్లింలు కలిశాక దాన్ని క్వాడ్రాంగ్యులర్ అన్నారు. 1937లో మిగతావాళ్లంతా ‘ది రెస్ట్’ పేరుతో చేరితే పెంటాంగ్యులర్ అయింది. జనం వేలల్లో వచ్చేవారు, ఆట కూడా గొప్పగా ఉండేది. ఈ మాట దాచకూడదు. మన పెద్దవాళ్లలో చాలామందికి ముస్లిం జట్టు గెలుపు పండగే. కానీ స్కోరు బోర్డు మీద దేశం పేరు ఉండాల్సిన చోట మజ్‌హబ్ పేరు ఉండేది. 1940లో గాంధీజీ ఇది తనకు నచ్చలేదని బహిరంగంగా చెప్పారు. 1946 మొదట్లో చివరి పోటీ జరిగాక ఆ టోర్నమెంట్ ఆగిపోయింది. మరుసటి ఏడాది దేశమే రెండుగా చీలింది.

ఆ గీతకు అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరిని చూడండి. ఇందోర్‌లో ఒక పిల్లవాడి చేతిలో బ్యాట్ చూసి ఇతనిలో ఏదో ఉందని గుర్తించింది సి.కె. నాయుడే. ఆ పిల్లవాడు సయ్యద్ ముష్తాక్ అలీ. ఉస్తాద్ హిందూ, షాగిర్ద్ ముస్లిం. 1936లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ముష్తాక్ 112 కొట్టాడు. విదేశీ గడ్డ మీద హిందుస్తానీ చేసిన మొదటి టెస్ట్ సెంచరీ అది. అవతలి ఎండ్‌లో విజయ్ మర్చంట్, ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కు 203. ఇక బొంబాయి టోర్నమెంట్ వస్తే ముష్తాక్ ముస్లిం జట్టు, నాయుడు, మర్చంట్ హిందూ జట్టు. ఇందోర్‌కు తిరిగొస్తే ఉస్తాద్, షాగిర్ద్ మళ్లీ ఒకే హోల్కర్ జట్టు. రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైంది, అందులో జట్లు ఇలాఖాల వారీగా ఉండేవి. సి.కె. కప్తానీలో హోల్కర్ నాలుగుసార్లు ట్రోఫీ గెలిచింది. ముష్తాక్ పేరును ‘వాళ్ల వరుస’, ‘మన వరుస’ అని రాసే వాడికి నా సవాల్ ఒకటే: ఆ చేతికి కవర్ డ్రైవ్ నేర్పిన ఉస్తాద్‌ను ఏ వరుసలో పెడతావు?

గీతలు గీయడం మన దగ్గర మాత్రమే జరగలేదు. బేబ్ రూత్ 60 కొట్టిన లీగులో నల్లజాతివాళ్లకు ప్రవేశం లేదు. వాళ్లు వేరే లీగుల్లో ఆడారు. వాళ్లలో జాష్ గిబ్సన్ అనే మహా బలశాలి ఉండేవాడు. 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలలు కాకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ ఆ తలుపు తెరిచి లోపలికి నడిచాడు. గిబ్సన్ హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని చెక్కారు. లీగు మ్యాచుల కాగితాలు వెతికి తేల్చిన లెక్క రెండొందలకు కూడా చేరదు. ఏది నిజం? రెండూ అబద్ధాలు కావు. ఊరూరా ఆడిన మ్యాచులకు కాగితం లేదు, లీగు మ్యాచులకు దొరికినంత ఉంది. 2024లో ఆ లీగుల లెక్కలను అసలు రిజిస్టరులో కలిపారు. అలా కలపగానే, బ్యాటింగ్ సగటులో దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ పక్కకు జరిగి గిబ్సన్ పైకి వచ్చాడు. ఇన్సాఫ్ డెబ్బై ఏడేళ్లు ఆలస్యంగా వచ్చింది. వచ్చిందంటే కారణం, చిరిగిన పత్రికల నుంచి ఒక్కో స్కోరు ఏరిన మనుషులు ఉన్నారు.

మన హైదరాబాద్ రియాసత్‌లో ఏం జరిగింది? నవాబ్ మొయినుద్దౌలా పేరుతో గోల్డ్ కప్ 1930-31లో మొదలై, సికింద్రాబాద్ జింఖానా మైదానానికి దేశంలోని పెద్ద ఆటగాళ్లను రప్పించింది. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ మన హైదరాబాద్ ఆటగాడిదే. సయ్యద్ మొహమ్మద్ హాదీ, మద్రాస్ మీద 132 నాటౌట్. ఆయనే 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. 1937-38లో హైదరాబాద్ నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ గెలిచింది. ఫైనల్లో అజేయ సెంచరీతో నిలబెట్టింది పార్సీ ఆటగాడు ఎడుల్జీ ఐబరా, కప్తాన్ ఎస్.ఎం. హుస్సేన్. ఆ గెలుపును ఏ వరుసలో రాస్తారు?

ఇదంతా షహర్ తారీఖ్, కాబట్టి కాగితం మిగిలింది. జిల్లాల సంగతి వేరు. నిజాంసాగర్ నీళ్లు పారి, చెరుకు పెరిగి, 1930ల చివర్లో బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. క్వార్టర్లు, మస్జిద్, మందిర్, బడి, మైదానం అన్నీ పుట్టుకొచ్చాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. మనుషులు చెదిరిపోయారు. వాళ్లతోపాటు ఎన్ని ఆదివారాల మ్యాచులు, ఎన్ని గానుగ సీజన్ల కిస్సాలు పోయాయో. మా మామూ ఒకాయన కుర్రతనంలో టీము స్కోరు నోట్‌బుక్ రాసేవాడు. దాన్ని చెదలు తినేశాయి. ఇప్పుడు ఆయన నోట్లో పేర్లు తప్ప అంకెలు లేవు. ఒక పేరు చెప్పినప్పుడల్లా బంతి పడ్డ దూరం కొంచెం పెరుగుతూ పోతుంది! నేను నవ్వుతాను. ఆయనా నవ్వుతాడు. గిబ్సన్ 800 ఇలాగే పుట్టి ఉంటాయి.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలో ఉంది, 282వది. అది నమాజ్ గురించో రోజా గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవడం గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలి, గవాలు ఉండాలి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకూడదు. ఆ హుకుమ్ లావాదేవీల గురించే. ఆటకు దాన్ని అంటగట్టను. కానీ రాయడమే ఒక అమానత్ అని చిన్నప్పటి నుంచి విన్న ఉమ్మత్ మనది. మన తాతల మెహనత్ విషయంలో మాత్రం ఎవరో రాస్తారులే అని కూర్చున్నాం. రాయకపోతే రెండే జరుగుతాయి. కానర్ లాగా పేరు మట్టిలో కలుస్తుంది, లేదా నోటి మాట ఉబ్బి ఉబ్బి ఎవరూ నమ్మని కిస్సా అవుతుంది. గొప్పలు చెప్పుకునే కౌమ్‌ను లోకం రెండోసారి వినదు. లెక్క చూపించే కౌమ్‌ను వింటుంది.

కాబట్టి ఫోన్లో ఆ రెండు వరుసల జాబితా వస్తే ముందుకు పంపకండి. దాని బదులు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఏ మైదానం, ఏ ఊరి మీద, బంతి తోలుదా టెన్నిస్‌దా, గోడ దాటితే ఆరా ఔటా, కప్తాన్ ఎవరు, బౌలర్ ఎవరు అని అడగండి. చెప్పింది తారీఖుతో సహా రాయండి. పక్కన ఇంకో పెద్దమనిషి ఉంటే ఆయన గవాహీ కూడా రాయండి. ఇద్దరి మాటా కలవకపోతే రెండూ రాయండి, ఒకటి కొట్టేయకండి. ఆ టీములో రాజన్న ఉంటే రాజన్న పేరు, రహీం ఉంటే రహీం పేరు, బ్యాటింగ్ ఆర్డర్లో ఎలా దిగారో అలాగే, ఒకే వరుసలో.